తలుపు పక్కన స్విచ్చి

పిల్లలూ, మీరు పంపిన ప్లగ్గు పనిచేస్తోందని ఫోన్లో ఒక్క ముక్కలో చెప్పేశాను. ఆ ఒక్క ముక్క వెనక నాలుగు రోజులున్నాయి. మీకు తెలుగు చదవడం రాదు కాబట్టి మీ అమ్మ చదివి వినిపిస్తుంది.

కిందటి వేసవిలో మీ తాతయ్య మధ్యాహ్నం వేళ కళ్ళు తిరిగి బాత్‌రూమ్ గుమ్మంలో కూలబడ్డారు. ఇకమీదట పన్నెండు నుంచి నాలుగు దాకా ఏసీ గదిలోనే ఉండాలన్నారు డాక్టరు. ఉంటారు, ఓ పావుగంట. ఆ తరవాత ఏసీ కట్టేసి హాల్లోకి వచ్చి కూర్చుంటారు. ఏసీ వేస్తే మీటరు గిర్రున తిరిగిపోతుందని ఆయన నమ్మకం. నేను చెబితే వినరు. అంకె కంటికి కనబడాలి. అందుకే కదా పెద్దదానా, ఎంత కరెంటు కాలుతోందో ఫోన్లో చూపించే ప్లగ్గు పంపావు.

ఎలక్ట్రీషియన్ వచ్చి దాన్ని పైన, ఏసీ పక్కన తగిలించి వెళ్ళాడు. ఫోనుకి కలపడం మన వంతు. మన ద్వారక ఫ్లాట్‌లో వైఫైకి రెండు పేర్లున్నాయని నాకు అప్పుడే తెలిసింది. ఈ ప్లగ్గుకి ఒకటి పనికొస్తుంది, ఒకటి పనికిరాదు. పాస్‌వర్డు తాతయ్య డైరీలో ఉంది, ఆయన చేతిరాతలో సున్నా ఏదో ఇంగ్లీషు 'ఓ' ఏదో తెలియదు. అదయ్యాక, నేనెక్కడున్నానో చెప్పమని ఫోన్లో ఆ ప్లగ్గు యాప్ అడిగింది. ప్లగ్గుకి నా ఊరెందుకో నాకు అర్థం కాలేదు. చెప్పేశాను.

వీడియో కాల్లో నువ్వు ఎంత ఓపిగ్గా అడిగావో గుర్తుంది. "అమ్మమ్మా, ప్లగ్ మీద లైట్ ఫాస్ట్‌గా బ్లింక్ అవుతోందా, స్లోగానా?"

"అవుతోందమ్మా."

"ఏది అవుతోంది?"

"ఇప్పుడేదీ అవడం లేదు."

మళ్ళీ మొదటికి. చీపురు కర్ర చివరతో ప్లగ్గు మీది బటన్ని అయిదు సెకన్లు నొక్కి పట్టుకోవడం, లైటు వెలగడం, నేను పాస్‌వర్డు కొడుతుండగానే ఆరిపోవడం. రెండు రోజులు అదే వరస. ఏసీ వెయ్యకుండా ఆ గదిలో పైకి చూసీ చూసీ మెడ పట్టేసింది. ప్లగ్గు పాడైందన్నావు నువ్వు. నాకు చేతకావడం లేదనుకున్నాను నేను.

మూడోరోజు లైటు ఆరిన క్షణాన ఎందుకో తలుపు వైపు చూశాను. అక్కడ ఒక చెయ్యి కనబడింది. ఆ ప్లగ్గుకి కరెంటిచ్చే స్విచ్చి తలుపు పక్కన బోర్డులో ఉంది. తాతయ్య అటుగా వెళుతూ దాన్ని కట్టేస్తున్నారు.

"ఏవండీ, రోజూ మీరేనా ఇది కట్టేస్తున్నది?"

"ఏసీ నడవడం లేదుగా. చూసినప్పుడల్లా వేసే ఉంటోంది. ఎవరు వేస్తున్నారా అని నేనూ అనుకుంటున్నాను."

గదిలోకి వచ్చినప్పుడల్లా చూసుకోకుండా దాన్ని వేస్తున్నది నేనే. ఆయనేమో ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్స్‌లో ఉన్నన్నాళ్ళూ ఆఫీసులో లైట్లూ ఫ్యాన్లూ కట్టేసి ఆఖరున బయటికొచ్చిన మనిషి. ఆ చెయ్యి ఆయన్ని అడిగి కదలదు.

ఆ రోజే ప్లగ్గు కలిసింది. ఏసీ వేసి, గంటకి యూనిట్ కూడా కాలలేదని ఫోన్లో చూపించాను. "అచ్ఛా," అన్నారు. నా పని అయిపోయిందనుకున్నాను. మర్నాడు చూద్దును కదా, ఆ ఫోను చేతిలో పట్టుకుని అంకె పెరగడమే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి లేచి స్విచ్చి కట్టేశారు. కొంగుతో మొహం తుడుచుకుని ఆయన పక్కనే హాల్లో కూర్చున్నాను.

అప్పుడు ఫోన్ చేశావు చిన్నోడా, నువ్వు. "తాతయ్యా, ప్లగ్ ఆఫ్‌లైన్ అని వచ్చింది. క్యా హువా?"

అది మీ ఫోన్లో కూడా కనబడుతుందని ఆయనకి తెలియదు. కుర్చీలోంచి లేచి నిలబడ్డారు, ఆఫీసులో పైనించి ఆరా వచ్చినట్టు. "ఏం లేదు నాన్నా. ఏదో చూస్తూ కట్టాను, ఇప్పుడే వేస్తున్నా," అంటూ గదిలోకి వెళ్ళారు. స్విచ్చి చప్పుడు, ఏసీ చప్పుడు వినిపించాయి. నాలుగింటి దాకా బయటికి రాలేదు. నేనూ ఆ చల్లదనంలో కాసేపు నడుం వాల్చాను.

అందుకే ఇదంతా రాస్తున్నాను. ఎండలు తగ్గేదాకా, పన్నెండూ నాలుగు మధ్య ఆ ప్లగ్గు ఆగినట్టు కనబడితే మీలో ఎవరో ఒకరు తాతయ్యకి ఫోన్ చెయ్యండి. ఎందుకు ఆగిందని అడిగితే చాలు. నేను చెయ్యమన్నానని మాత్రం చెప్పకండి.