జాడీలో పళ్ళు మాత్రం మిగిలాయి

అక్టోబరులో ఒక ఉదయం. అరకు మంచు ఇంకా మా గుమ్మం ముందే ఉంది. కిస్‌మిస్, ఖర్జూరం, చెర్రీలు సన్నగా తరిగి జాడీలో వేసి, మునిగేదాకా రమ్ము పోశాను. క్రిస్మస్ కేకుకి అమ్మ నేర్పిన పద్ధతి అది. మా తమ్ముడు తాగుడు మానేసి అప్పటికి ఐదు నెలలు. అందుకే జాడీని ప్రార్థన గదిలో, బైబిలు బల్ల కింద పెట్టాను. అంతకంటే భద్రమైన చోటు నాకు తోచలేదు.

ఈ రోజు పొద్దున్నే ప్రార్థన అయ్యాక, పళ్ళని ఒకసారి కలుపుదామని, నానబెట్టాక మొదటిసారి మూత తీశాను. పళ్ళు ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. రమ్ము చుక్క లేదు. తమ్ముడు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏటిది తమ్ముడూ?"

"పండొక్కటీ ముట్టుకోనేదప్పా. కేకు నీకిష్టం కదా."

"మానేసినానని సర్చిలో సాచ్చిం సెప్పినావు కదరా?"

"సెప్పినాను. ఆ రోజుకది నిజవే అప్పా."

అక్కగా వాడి కోసం రోజూ మోకరించింది నేనే. ఆ మోకాళ్ళకి జానెడు దూరంలో రమ్ము పెట్టిందీ నేనే. రమ్ము లేకుండా పళ్ళు నానబెట్టే పద్ధతి మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఇన్నేళ్ళూ నాకు అడగాలనే తోచలేదు.

సాయంత్రం ఇంట్లో అందరం కూర్చున్నాం. రేపు మొదటి బస్సుకి వాణ్ణి తీసుకెళ్ళి, విశాఖలో తాగుడు మాన్పించే ఆసుపత్రిలో మళ్ళీ చేర్చాలనుకున్నాం. వాడు కాదనలేదు. ఈసారి పండక్కి ఇంట్లో కేకు ఉండదు, వాడూ ఉండడు.