మోత లేని బండి

ముందు మోత వస్తుంది. ఎండకు కాగిన ఇసుక మీదుగా, జీడితోటల నీడల మీదుగా, రేకు డబ్బాలో గులకరాళ్ళు ఊపుతున్నట్టు ఒక పాత మోపెడ్ మోత. కొమ్మల్లో పిట్టలు లేస్తాయి. ఆ తర్వాత ఎప్పటికో మలుపు దగ్గర తవిటమ్మ కనిపిస్తుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఆమెకున్నది రెండెకరాల జీడితోట. భర్త ఎల్లాజీ చెన్నైలో ఓడలకు రంగులు వేస్తాడు. మూడేళ్ళుగా పంటలో సగం మాయమవుతోంది. చెట్ల కింద పండ్లుంటాయి, వాటికి జీడిపిక్కలుండవు. ఎవరు తెంపుతున్నారో ఆమెకు తెలుసు. భర్తకు అన్న, పక్క తోట నరసింగరావు. మోపెడ్ మోత వినగానే కంచె దాటేస్తాడు. ఆమె చేరేసరికి తన చెట్టు కింద తువ్వాలు పరుచుకుని పడుకుని ఉంటాడు.

"ఏటమ్మా, మళ్ళీ పోనాయా పిక్కలు? తోట కాయడం ఆడమనిషి వల్ల అయ్యే పనేటి?" అంటాడు. తమ్ముడికి ఫోను చేసి అదే మాట చెప్తాడు. ఈ కాపు కూడా తగ్గితే తోట అన్నకే అప్పజెప్పేస్తానని ఎల్లాజీ తేల్చేశాడు.

ఆ మాట విన్న రోజు నుంచీ తవిటమ్మ అన్నంతో పాటు పగను కూడా నమిలింది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం పలాసలో కరెంటు బళ్ళ షోరూముకి వెళ్ళింది. సేల్స్‌మన్ సంజయ్ ధర, ఛార్జింగు, వారంటీ అన్నీ వివరించాడు. ఆమె ఒక్కటే అడిగింది.

"మోతుంటాదా?"

"ఉండదు మేడమ్."

"ఇసకలో కూడానా?"

"దోమైనా చప్పుడు చేస్తాది గాని, ఇది చెయ్యదు."

"అయితే నువ్వెనక్కెక్కు. తోలి సూస్తాను."

ఎక్కి, అలవాటు కొద్దీ కాలితో గాలిని తొక్కింది. అక్కడ పెడలు లేదు. "స్టార్టు సెయ్యి బాబూ" అంది.

"అయిపోనాది మేడమ్. ఎప్పుడో అయిపోనాది."

చెయ్యి తిప్పింది. బండి కదిలిందో, రోడ్డే వెనక్కి జారిందో తెలియలేదు. తన ఊపిరి తనకు వినిపించింది. కొంగు రెపరెప, ఎండుటాకుల గుసగుస, ఎక్కడో ఎవరో ఎద్దును అదిలించిన కేక. ఇన్నేళ్ళుగా తిరిగిన దారిలో ఇన్ని చప్పుళ్ళు దాగి ఉన్నాయని ఆమెకు తెలియదు.

"మేడమ్, టెస్టు రైడంటే రెండు కిలోమీటర్లే."

"ఇసకలో సూడొద్దేటి?" అంటూ బండిని తోటలోకి తిప్పింది.

ఉతికిన తెల్లచొక్కా తొడుక్కుని, వంగి, పండు పండుకీ పిక్క మెలితిప్పి సంచిలో వేస్తున్నాడు నరసింగరావు. ఐదడుగుల వెనక బండి ఆపింది. సంజయ్ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపి, ఫోటో తియ్యమని సైగ చేసింది. మూడేళ్ళు ఎదురుచూసిన వీపు అది. తొందరేముంది? తనివితీరా చూసింది.

"బావా, ఆ కొమ్మకింకా రెండున్నాయి. ఒగ్గీసినావు."

ఉలిక్కిపడి తిరగబోయి పండ్ల మీద జారి పడ్డాడు. సంజయ్ ఇంకో ఫోటో తీశాడు. చొక్కా అంతా రసం. జీడిపండు మరక, గుడ్డ చిరిగినా పోదు.

"నువ్వు... ఎలాగొచ్చినావే?"

"ఆ ఫోటోలో నీ మొకం బాగా పడ్డాది. తమ్ముడికి పంపమంటావా, సంచి నెత్తినెట్టుకుని పిక్కలు కొనే కాటా కాడికి నడుస్తావా?"

"పరువు పోతాది, తవిటమ్మా."

"ఏటి, దానికి కూడా నానే కాపలా కాయాలా?"

కిలోమీటరు దారి. ముందు ఆయన, వెనక మనిషి నడక వేగంతో బండి. మోత వినిపిస్తే ఎంత దూరంలో ఉందో తెలిసేది. తెలియక అడుగడుక్కీ వెనక్కి తిరిగి చూశాడు. చూసిన ప్రతిసారీ ఆమె అక్కడే ఉంది.

"నెమ్మదిగా కూడా బాగానే పోతన్నాది బాబూ" అంది సంజయ్‌తో.

కాటా దగ్గర ఎవరూ నవ్వలేదు. పక్కకు తప్పుకుని దారిచ్చారు. అందరి ముందూ పిక్కలు ఎవరివో నరసింగరావు చేతే చెప్పించింది.

కాటా దగ్గర సంగతి తెలిసి ఆ సాయంత్రమే ఎల్లాజీ ఫోను చేశాడు. తోట ఆమె చేతిలోనే ఉండిపోయింది. అయినవాడు కదా, క్షమించెయ్యమని ఊరి పెద్దలు రోజూ చెప్తూనే ఉన్నారు. ఇదంతా పత్రిక కోసం రాసుకోవడానికి వచ్చినవారు, బావగారి పేరు మార్చి రాస్తామంటే, పిక్కలు ఎండబోస్తున్న చెయ్యి ఆపి ఆమె అన్నది ఇదే:

"మార్సొద్దు. మూడేళ్ళు నానేడిస్తే ఒక్కరూ నాకు అయినవోళ్ళు కానేదు. నరసింగరావనే రాయండి. ఇంటిపేరు కూడా సెప్తాను, రాసుకోండి."