ధనరాజన్న ఛాతీల తెల్లమచ్చ

మా ముడిమ్యాల ధనరాజన్న ఒక్కసారి దమ్ము పీలిస్తే దుబాయ్ మొత్తంల గాలి తక్కువైతుండె. ఆడి షేకులకు ఊపిరాడక, దండం పెట్టి మరీ ఈయనను ఇమానం ఎక్కించిండ్రు. పదో తరగతి మూడుసార్లు చదివినోన్ని, నా అంత చదువు ఈ ఊర్ల ఎవనికున్నది? నమ్మాలె.

ఇమానం ఎక్కించింది మాత్రం నిజం. ఆడ గోదాముల ఫోర్క్‌లిఫ్ట్ నడిపేటోడు. కంపెనీ మొదటి ఏడాది తీయించిన ఎక్స్‌రేల ఊపిరితిత్తి మీద తెల్లమచ్చ పడ్డది. టీబీ అన్నరు. "ఇంకోసారి తీయుండ్రి సార్" అంటే ఇనలే. రెండోసారి చూడాలని అగ్రిమెంట్‌ల ఉన్నా, అన్‌ఫిట్ అని నౌకరి పీకి పంపిండ్రు.

ఆ మచ్చ ఏందో ఎరికేనా? రాగి తాయెత్తు. పోయేటప్పుడు వాళ్లవ్వ సాలమ్మ దర్గా కాడ కట్టింది. మళ్ల ఇంటి గడప తొక్కేదాంక తీయనని ఒట్టేయించుకున్నది. ఎక్స్‌రే ఆయన "మెడల ఉన్నది తీయి" అంటే, ఈ తెలివిగలాయన దాన్ని మెల్లగ వీపు దిక్కు జరిపిండు. ముందర లేకుంటే మిషిన్‌కు కనవడదనుకున్నడు! ఇంటికొచ్చినంక అవ్వనే విప్పింది. చేవెళ్ల దవాఖానల తీస్తే ఛాతీ అద్దం లెక్క ఉన్నది. తెమడ పరీక్ష గూడ సాఫ్.

అయితే ఏం లాభం? ఊరికి చేవెళ్ల కంటే దుబాయ్ మీదనే నమ్మకం. బస్సుల ఈయన పక్క సీటు మెహిదీపట్నం దాంక ఖాళీ. భార్య నీలవేణి బిడ్డను తీస్కొని తల్లిగారింటికి పోయింది. "తప్పు మాదేనని కంపెనీ రాసియ్యనీ, అప్పుడొస్త" అన్నది. ఈయన కంపెనీ మీద, పంపిన ఏజెంట్ మీద సర్కారుకు అర్జీ పెట్టిండు. బిడ్డతోని మాట్లాడేటప్పుడు దగ్గొస్తే, ఫోన్ దూరం పెట్టి దగ్గుతడు.

"ఫోన్లకెల్లి అంటుకుంటదా అన్నా?" అని నేను నవ్విన. ఆయన నవ్వలే.

మొన్న ఈయనను దుబాయ్ పంపిన ఆ ఏజెంట్ ఉదయ్‌భాస్కర్ మొయినాబాద్ హోటల్‌కు రమ్మన్నడు. నేను ఆడ లేను, అయినా చూసినట్టే చెప్త.

హోటలామె శకుంతలమ్మ అందరికి గాజు గిలాసలల్ల ఛాయ్ ఇచ్చి, ఈయనకు కాయిదం గిలాస పెట్టింది. ఏజెంట్ ఒక కాయిదం జరిపిండు.

"బీమారి ఉండి నా ఖుషీతోనే వచ్చిన అని దస్కత్ పెట్టు ధనరాజ్. అర్జీ వాపస్ తీస్కో. మస్కట్ పంపిస్త."

"నాకు బీమారి లేదు గద సార్."

"నాకు తెల్వదా? కాయిదం మీదనే."

"కాయిదం మీద ఉంటే నీలవేణి వస్తదా సార్?"

అంటనే మా అన్న సింహం లెక్క లేచిండు! కాయిదాన్ని చింపి గాల్లకు ఊదితే, ఆ తునకలు పోయి ఆడెక్కడో ఉన్న చందనవెల్లి ఫ్యాక్టరీల మీద వాన లెక్క పడ్డయి. హోటలంత చప్పట్లు. శకుంతలమ్మ ఉరికొచ్చి గాజు గిలాసల ఛాయ్ పోసింది.

గిదంత రాసి ఆయనకే చదివి ఇనిపించిన. అంత ఇని ఆయన గిట్లన్నడు:

"షేకులను నేను చూడనేలే. కాయిదం చింపలే, దస్కత్ పెట్టలే, గంతే. ఛాయ్ కాయిదం గిలాసలనే ఇచ్చింది. తాగి, బస్సెక్కి ఒక్కన్నే వచ్చిన."