పదిహేడో గదిలో నీలం తాళంచెవి

కంప్యూటర్ ఆగిపోయిందని మీరెప్పుడైనా ఆనందంతో గంతులేశారా? మేం వేశాం. యాభై దాటిన మా అక్క, యాభైకి దగ్గరపడుతున్న నేను, మోకాళ్ల నొప్పులున్న మా బావగారు, ముగ్గురం నరసాపురంలో అక్కావాళ్ల ముందుగదిలో, శనివారం మధ్యాహ్నం, ఎండ నడినెత్తిన ఉండగా గంతులేశాం. పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి, అమ్మాయికి సంబంధం కుదిరిందా అని అడిగింది. లేదండీ, కంప్యూటర్ బిగుసుకుపోయిందండీ అని బావగారు చెప్పారు. ఆవిడ మెల్లిగా కిందికి దిగిపోయింది.

జరిగింది చెబుతాను. ముప్పయ్యేళ్ల కిందట మేం మండపేటలో ఉండేవాళ్లం. రైస్‌మిల్లులకు బెల్టులు అమ్మే కొట్టు మీద, మేడగదిలో ఒక మాస్టారు కంప్యూటర్ సెంటర్ పెట్టారు. నాలుగు కంప్యూటర్లు, వాటిలో రంగులు చూపించేది ఒక్కటే. అక్క, నేను కోర్సులో చేరాం. క్లాసయ్యాక అరగంటసేపు ఆ రంగుల దాని మీద ఒక ఆట ఆడుకోనిచ్చేవారు. నెత్తిన దీపం పెట్టుకున్న బుడ్డమనిషి గనిలోకి దిగుతాడు. నిచ్చెనలెక్కి, గోతులు దూకి, తాళంచెవులు ఏరుకుంటూ ఒక్కో గదీ దాటాలి. మొత్తం ఇరవై గదులు.

మన డెల్టాలో చేతికి మంచీ చెడూ ఉంటాయన్న సంగతి మీకు తెలియనిది కాదు. నారుమడిలో మొదటి గుప్పెడు విత్తనం మంచి చెయ్యి ఉన్న మనిషితోనే చల్లిస్తారు. డాక్టరు చదువు కన్నా ముందు హస్తవాసి ఎలాంటిదని అడుగుతారు. మాస్టారు ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు కంప్యూటర్ల మీదికి తెచ్చేశారు. పొద్దున్నే మొదటి స్విచ్ మంచి చెయ్యే వెయ్యాలి. ఆ మంచి చెయ్యి నాది. ఒకరోజు ఆయన ఎంత నొక్కినా లేవని మిషను నేను నొక్కగానే లేచింది మరి. కరెంటు సరిగ్గా ఆ క్షణానే వచ్చిందని, కింద కొట్టులో ఫ్యాను తిరగడం మొదలైందని గమనించినవాణ్ని నేనొక్కణ్నే. చెప్పలేదు. పదిహేడేళ్లవాడికి ఉచితంగా వచ్చిన మహిమను వదులుకునే ధైర్యం ఉండదు.

అక్క ఆ ఆటను లేసు అల్లినట్టు ఆడేది. అమ్మది లేసు అల్లికలకు పేరున్న నరసాపురం కాబట్టి అక్కకు చిన్నప్పటి నుంచీ చేతిలో కొక్కెంసూది ఉండేది. ముడులు లెక్కపెట్టినట్టే పెదాల మీద అడుగులు లెక్కపెట్టుకుంటూ, మూడు, నాలుగు, దూకు, రెండు, ఆగు అనుకుంటూ బుడ్డమనిషిని నడిపించేది. మగపిల్లలం మేం పన్నెండో గదిలో రాళ్లకింద పడి చచ్చేవాళ్లం. అక్క పదిహేడో గదికి వెళ్లింది. అక్కడ నీలం తాళంచెవి అందుకోగానే తెర బిగుసుకుపోయింది. లోపల్నుంచి సన్నగా కూ అని ఒకటే కూత. స్విచ్ తీసేస్తే గాని ఆగలేదు. మర్నాడూ అంతే. మూడోసారి ఆగాక రెండు రోజులపాటు మిషను లేవనే లేదు.

మాస్టారు మర్యాదస్తుడు. "అమ్మాయిగారూ, ఏమీ అనుకోకండి. మీరు ఇక దాన్ని ముట్టుకోకండి. మీ చెయ్యి దానికి పడట్లేదండి" అన్నారు. అందరూ నావైపు చూశారు. మంచి చెయ్యి కదా, సాక్ష్యం చెప్పాలి. నేనన్నాను: "ఇంట్లోనూ అంతేనండి. తను ముట్టుకుంటే రేడియో ఆగిపోద్ది."

అది పచ్చి అబద్ధం. అక్క నావంక ఒకసారి చూసి, చెప్పులు వేసుకుని మేడ దిగిపోయింది. కోర్సు పూర్తిచేయలేదు. ఇంట్లో చూస్తే, నాన్న చర్చిలో పెద్ద. శకునాలు, దిష్టి పాపమని ఆదివారం వినేవాళ్లం. సోమవారం నేను అక్క చేతికి దిష్టి అంటగట్టి వచ్చాను.

ఆ తర్వాత నేను హేతువాదినయ్యాను. రాజమండ్రి నుంచి రామచంద్రపురం దాకా ఎక్కని వేదిక లేదు. వాస్తు మీద, ముహూర్తాల మీద, గాల్లోంచి విభూతి తీసేవాళ్ల మీద గొంతు పోయేలా వాదించాను. రుజువేదీ, రుజువేదీ అని బల్లలు గుద్దాను. ఇన్నేళ్ల ఉపన్యాసాల్లో మా అక్క చెయ్యి సంగతి మాత్రం ఒక్కసారీ రాలేదు. ఎందుకు రాలేదో బల్లగుద్ది అడిగేవాడు లేకపోయాడు.

మొన్న బావగారు ఫోన్ చేశారు. ఊళ్లో లేసు అల్లే ఆడవాళ్ల సంఘం ఆర్డర్లూ డిజైన్లూ కంప్యూటర్‌లో పెట్టి చూసుకోవడానికి అక్కను రమ్మన్నారట. లేసు పని తనకన్నా తెలిసిన మనిషి ఊళ్లో ఎవరూ లేరు. అక్క ససేమిరా అంటోందట. తను ముట్టుకుంటే మిషన్లు ఆగిపోతాయట, పదిమంది కూడు చెడగొట్టడం దేనికట. "సోమవారంలోగా చెప్పమన్నారయ్యా. నీ హేతువాదం ఊరివాళ్లకేనా, ఇంట్లోవాళ్లకి ఏవన్నా పనికొత్తదా?" అన్నారాయన.

ఆ రాత్రే ఆట కోసం వెతికాను. ఇలాంటి పాత ఆటలను ప్రాణంలా దాచుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు, వాళ్ల కడుపు చల్లగా. కొత్త ల్యాప్‌టాప్ పాత కంప్యూటర్‌లా నటించేందుకు ఒక ప్రోగ్రాం కూడా దొరికింది. రెండూ ఎక్కించుకుని శనివారం రైలెక్కాను.

అక్క కుర్చీ దూరంగా జరుపుకుని, చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుంది. నేను ఆట మొదలుపెట్టాను. కొత్త మిషనుకు బలం ఎక్కువ, ఆటకు ఆ సంగతి తెలియదు. బుడ్డమనిషి గనిలోకి దిగడం, పరిగెత్తడం, గోతిలో పడి చావడం రెప్పపాటులో అయిపోయాయి. మళ్లీ పుట్టాడు, మళ్లీ చచ్చాడు. "ఏంటయ్యా, వీడికి బారసాల, పెద్దకర్మ ఒకే రోజా" అన్నారు బావగారు. అక్క నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. రెండు మీటలు కలిపి నొక్కుతూ ఆ నటించే ప్రోగ్రాం వేగం తగ్గిస్తూ పోయాను. చివరికి వాడు మా మండపేట నడక నడిచాడు. ఆ టకటక చప్పుడు వినగానే నాకు ఒళ్లు పులకరించింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చప్పట్లు కొట్టాను.

మంచి చేతి ప్రతాపం పన్నెండో గది వరకే. రాళ్లకింద నాలుగుసార్లు చచ్చాను. ఐదోసారి చావబోతుండగా అక్క ఉండబట్టలేకపోయింది. "నాలుగడుగులేశాక దూకాలిరా, మూడుకే దూకుతావేంటి" అంటూ నా చెయ్యి తోసేసి మీట నొక్కేసింది. నొక్కాక గాని తను ముట్టుకుందని తనకే తెలియలేదు. ల్యాప్‌టాప్ నిక్షేపంగా ఉంది. అక్క కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

ముప్పయ్యేళ్ల లెక్క ఆ పెదాల మీద అలాగే ఉంది. పదమూడు, పద్నాలుగు, పదిహేను, పదహారు గదులు దాటింది. పదిహేడో గదిలో, నీలం తాళంచెవి ముందు, చేతులు పైకెత్తేసింది. "ఇక్కడేరా. నావల్ల కాదు." ఆ క్షణాన్ని అలాగే దాచిపెట్టి, ఎన్నిసార్లయినా అక్కణ్నుంచే మొదలుపెట్టే వీలు ఇప్పటి ప్రోగ్రాంలో ఉంది. దాచాను. తర్వాత నా మంచి చెయ్యి ముందుకు చాచి తాళంచెవి తీసుకున్నాను.

తెర బిగుసుకుపోయింది. కూ అని అదే కూత.

మళ్లీ తెరిచి బావగారి చేత తీయించాను. కూ. అప్పుడు మొదలయ్యాయి గంతులు. బావగారు మోకాళ్లు మరిచిపోయారు. తప్పు ఆట రాసినవాడిది. ఆ తప్పును మేం మండపేటలో ఎందుకు చూడలేదు? ఆ గదికి చేరిన చెయ్యి ఒక్కటే కాబట్టి, ఆపేసిన చెయ్యి కూడా అదొక్కటే అయింది. పన్నెండో గదిలోనే చచ్చినవాళ్లందరం మంచి చేతులవాళ్లమయ్యాం. అందరికన్నా ముందుకెళ్లిన మనిషికే నింద తగలడం ఒక్క ఆటలోనే చూశామా?

అక్క మాత్రం గంతులాపి తెరకేసి చూస్తోంది. పక్కన పైకీ కిందికీ తిరిగే లిఫ్ట్ ఒకటుంది. అది కదులుతుండగా తాళంచెవి తీసుకుంటున్నామేమో, ఆగాక తీద్దాం అంది. తనే తీసింది. ఏమీ ఆగలేదు. తలుపు తెరుచుకుంది, పద్దెనిమిదో గది. మా సెంటర్‌లో ఎవరూ చూడని గది. గోడల నిండా పచ్చలు. ముగ్గురం చిన్నపిల్లల్లా తెరకు ముక్కులు ఆనించి చూశాం.

కాసేపటికి అక్క నెమ్మదిగా అడిగింది. "మరి రేడియో ఆగిపోద్దని ఎందుకు చెప్పావురా?"

అబద్ధమాడానక్కా అన్నాను. నా మంచి చెయ్యి ఎక్కడ పోతుందోనని భయపడ్డానని చెప్పాను.

"ఈ మాట సోమవారం సంఘంలో అందరి ముందూ చెప్పు. చెప్పాక నేను కూర్చుంటాను."

చెప్పాను. ఇన్ని వేదికలెక్కిన నేను ఆ గదిలో బల్ల మాత్రం గుద్దలేదు. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. ఒక పెద్దావిడ, మీ చెయ్యి ఏదీ చూపించండి అని లాక్కుని చూసి, ఇందులో ఏముందండీ అని వదిలేసింది. అక్క కంప్యూటర్ ముందు కూర్చుని, మొదటి డిజైను ఎక్కించింది.

మీ ఇంట్లోనో, పొలంలోనో, ఆఫీసులోనో చెయ్యి మంచిది కాదని మీరు పక్కన కూర్చోబెట్టిన మనిషి ఒకరున్నారు. లేరని నాతో అనకండి. లేవండి. ఆ పనిని ముందు మీ చేత్తో చేయండి, మీ చేతిలోనూ చెడేదాకా చేయండి. చెడ్డప్పుడు పదిమంది వినేలా తప్పు ఒప్పుకుని, ఆ కుర్చీ ఆ మనిషికి ఇవ్వండి. ఇవాళే ఇవ్వండి.