సైదమ్మ తెచ్చిన పల్లీలు

2023 మార్చి. సూర్యాపేటలో మా ఇంటి ముందుగదిలో వంట క్లాసులు మొదలుపెట్టి అప్పటికి ఆరేళ్లు. ప్రతి శనివారం పొద్దున ఎనిమిది తొమ్మిది మంది ఆడవాళ్లు వచ్చేవారు. టిఫిన్ సెంటరు పెట్టుకుందామని కొందరు, పిల్లలకు కొత్తవి చేసిపెడదామని కొందరు. మా పనిలో డెమో అంటే అందరూ చూస్తుండగా వండి చూపించడం. ఆ నెలలో ఒక శనివారం డెమోలో నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో తల వంగిపోతుంది.

పాఠం థాయ్ పద్ధతి పల్లీ సాస్. పది నిమిషాల పని. వేయించిన పల్లీలు మెత్తగా రుబ్బి వెల్లుల్లి, ఎండుమిర్చి, కొంచెం బెల్లం, సోయా సాస్, నిమ్మరసం, కొబ్బరిపాలు, కాసిని వేడి నీళ్లు కలపాలి. నూడుల్స్ మీద పోసుకోవచ్చు, కాల్చిన పనీరు ముక్కలు అద్దుకోవచ్చు.

పల్లీలు తెచ్చింది సైదమ్మ. మోతె నుంచి బస్సులో వచ్చేది. నలభై ఏళ్లుంటాయి. ఊళ్లో రోడ్డు మీద ఫాస్ట్‌ఫుడ్ బండి పెట్టాలని ఆశ. ఆ యాసంగి పంటకాలంలో వాళ్ల పల్లి చేను బాగా పండింది.

"మా చేన్లయి మేడం. మొన్ననే ఒలిచినం. అందరు రుచి సూడాలె" అని సంచి నా చేతికిచ్చింది. కోదాడ నుంచి వచ్చే శ్రీవల్లి గింజలు చేతిలోకి తీసుకుని చూసి, వాళ్ల అన్నయ్య నడిపే క్యాంటీన్‌కు రెండు బస్తాలు కావాలంది. సైదమ్మ సంబరపడిపోయింది.

పల్లీలు మూకుట్లో వేశాను. అప్పుడే ఫోన్ మోగింది. మిర్యాలగూడలో కూడా క్లాసులు పెట్టమని ఒకావిడ అడుగుతోంది. చాలా రోజులుగా నేను ఎదురుచూస్తున్న ఫోన్ అది. గడప దగ్గరికి వెళ్లి మాట్లాడుతున్నాను.

"మేడం, మంట జర తగ్గియ్యాల్నా?" సైదమ్మ అడిగింది.

ఆగమన్నట్టు చెయ్యి ఊపాను.

తిరిగొచ్చేసరికి గింజలు నల్లబడ్డాయి. పారబోసి మళ్లీ వేయించొచ్చు, సంచిలో ఇంకా ఉన్నాయి. కానీ ఇంతమంది ముందు మాడబెట్టానని ఒప్పుకోవాలి కదా. పొట్టు నలిపేసి మిక్సీలో వేశాను. బెల్లం కాస్త ఎక్కువ వేస్తే సరిపోతుందిలే అనుకున్నాను.

శ్రీవల్లి నాలుక మీద పెట్టుకుని మొహం చిట్లించింది. "చేదుగా ఉందండీ."

"పల్లీలు ముక్కిపోయినట్టున్నయ్" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

"మొన్ననే ఒలిచినం మేడం" అంది సైదమ్మ.

"తేమ తగిలి ఉంటదమ్మా. చూసుకోవాలె కదా."

ఆమె మూకుడు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. క్లాసు కాగానే సంచి అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

రెండు రోజులు ఆ సంచి ముట్టలేదు. మూడో రోజు గుప్పెడు గింజలు సన్న మంట మీద వేయించాను. ఇల్లంతా కమ్మటి వాసన. ఒకటి నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంది. మిగతావి మింగబుద్ధి కాలేదు. ఫోన్ చేద్దామనుకున్నాను, చెయ్యలేదు.

శనివారం సైదమ్మ రాలేదు. ఆమె పల్లీలతోనే సాస్ మళ్లీ చేశాను. అందరూ వేళ్లు నాకారు.

"ఈసారి పల్లీలు ఎక్కడివి మేడం?" అని ఎవరో అడిగారు.

"మంచివి చూసి తెచ్చిన" అన్నాను. రెండో అబద్ధం.

"ఇలాంటివైతే మా అన్నయ్య తీసుకునేవాడండీ" అంది శ్రీవల్లి. "సైదమ్మ గారికి వద్దని చెప్పేశాం."

అప్పుడు గానీ నా నోరు పెగల్లేదు. "ఇవి సైదమ్మ తెచ్చినయే. ఆ రోజు నేనే మాడబెట్టిన."

"ఆ రోజే చెప్పాల్సింది కదండీ" అంది శ్రీవల్లి మెల్లగా. "నిన్ననే వేరేచోట కొనేశాం."

మర్నాడు మోతె వెళ్లాను. సైదమ్మ వాకిట్లో చాప వేసింది, చాయ్ ఇచ్చింది. జరిగింది చెప్పి, తప్పయిందన్నాను.

"నాకెరికే మేడం. పొగ లేసుడు సూసిన."

"మరి అప్పుడే ఎందుకనలేదు?"

"నేను నేర్సుకునేతందుకొచ్చిన. మీరు సెప్పేటోళ్లు. పదిమందిల మిమ్ముల తప్పు పడితే మీ ఇజ్జత్ ఏమైతది?"

నా పరువు పోతుందని ఆమె ఆలోచించింది. ఆమె పరువు గురించి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చాయ్ గ్లాసు చేతిలోనే చల్లారింది.

"నిన్న అందరికీ చెప్పిన సైదమ్మా, తప్పు నాదేనని."

"నేను లేనప్పుడు సెప్పిన్రు. నన్ను అన్నప్పుడు నేనున్న." గొంతులో కోపం లేదు. "శనివారం వస్త. నా ముంగట సెప్పున్రి."

వచ్చింది. తొమ్మిది మంది ఎదుట ఆమెను పక్కన నిలబెట్టుకుని, ఫోన్ సంగతి నుంచి రెండో అబద్ధం దాకా అంతా చెప్పాను. చెప్పడం అయ్యాక సైదమ్మ కొంగు దోపుకుని తనే పొయ్యి వెలిగించింది. సన్న మంట మీద గింజలు కలుపుతూ, "ఇగ నీళ్లెప్పుడు పొయ్యాలె మేడం?" అని అడిగింది.

"రుబ్బినాక. మొదట ముద్ద బిగుసుకుంటది, భయపడొద్దు. వేడి నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తే అదే జారుగా అయితది" అన్నాను.

క్యాంటీన్ బేరం మాత్రం తిరిగి రాలేదు. ఆ నష్టం నా వల్లే జరిగింది, దాన్ని పూడ్చలేకపోయాను. ఆరేళ్లు నేర్పుతూ నాకు తెలియని సంగతి సైదమ్మ నేర్పింది: ఒక మనిషిని ఎవరి ముందు తక్కువ చేశామో, వాళ్ల ముందే, ఆ మనిషి వింటుండగానే తప్పు ఒప్పుకోవాలి. చాటుగా అడిగిన క్షమాపణతో నా బరువు తగ్గుతుందేమో గానీ, ఆమె పోగొట్టుకున్న పరువు ఆమెకు తిరిగి రాదు.