బల్లను ఎవరూ ముట్టకూడదు

ఆ రోజుల్లో మాకు భయమూ భక్తీ రెండూ మెండు. ఏది ఎక్కడ ఆగి ఏది మొదలయ్యేదో మాకే తెలిసేది కాదు. నిజాం మీద పోలీసు చర్య జరిగిన ఆ అయిదు రోజులూ తిరుమలగిరిలో తలుపులు బిగించుకుని, విమానం మోత వినపడ్డప్పుడల్లా మంచం కింద దూరి కీర్తనలు పాడాం. (మంచం కింద నుంచి పాడినా పైకి చేరతాయని నాన్న ధైర్యం చెప్పేవారు.) అంతా సద్దుమణిగాక చర్చి తలుపు తీసి చూస్తే, ప్రభు భోజనం పెట్టే బల్ల కాళ్లను చెదలు తినేశాయి. వచ్చే ఆదివారమే కృతజ్ఞతా ఆరాధన. ఆ రోజే నేను మొదటిసారి ప్రభు భోజనంలో రొట్టె, ద్రాక్షరసం అందుకోవాలి. దానికోసం ఏడాదిగా ఎదురుచూస్తున్నాను. అందుకే నాన్న "మన భోజనాల బల్ల చర్చికి ఇచ్చేద్దాం" అనగానే, "రంగు నేను వేస్తాను" అన్నాను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. సండేస్కూలు టీచరును. నాకు రాని పని ఒకటి ఉందని ఎవరూ చెప్పి ఉండలేదు.

అది బొల్లారం విడిచి వెళ్లిపోతూ ఒక ఇంగ్లీషు దొర అమ్ముకున్న టేకు బల్ల. ఎవరి పుణ్యమో గానీ నిలువెల్లా ఆకుపచ్చ రంగు పూసి ఉంది. బల్లను ముందే చర్చికి చేర్పించి, గరుకు కాగితంతో మూడు రోజులు రుద్దాను. పైపలకకు కర్రలో ఇంకే ముదురెరుపు రంగు, దాని మీద వార్నిష్, కాళ్లకు బంగారు రంగు పెయింటు అని నిర్ణయించుకున్నాను. బైబిల్లో, అరణ్యంలో దేవుడి కోసం వేసిన ప్రత్యక్ష గుడారపు బల్లకు బంగారు రేకు పొదిగారు కదా! "అది గుడారం అమ్మడూ, ఇది తిరుమలగిరి" అని నాన్న గొణిగారు గానీ నేను వింటేగా. శనివారానికల్లా పూర్తవ్వాలని ఎర్ర రంగు ఆరకముందే వార్నిష్ కొట్టాను. మెరుపు చాలదనిపించి అందులో అవిసె నూనె కూడా కాస్త ఎక్కువే కలిపాను.

శనివారం మధ్యాహ్నం అల్వాల్ నుంచి వడ్ల తాత వచ్చాడు. చర్చి కిటికీలు బాగుచేసే వడ్రంగి. వేలితో తాకి, వేలు ఊడదీసుకుని, నా మొహం చూశాడు.

"ఏందీ బిడ్డా గిట్ల చేసినవ్? తడి మీద తడి కొడితివి, నూనె సుత పోస్తివి. గిది బల్ల గాదు, ఈగలు పట్టే జిగురు కాయిదం! అసలే వానల దినాలు. జెర ఓపిక పట్టు. నాలుగు దినాలు ఎవ్వలిని ముట్టనీయకు."

నాలుగు రోజులా! తెల్లారితే ఆరాధన! ఏడుపు ఆపుకుని, పూలు పెట్టడానికి వచ్చేవాళ్లు తెలియక చెయ్యి వేస్తారేమోనని, ఒక అట్టముక్క మీద సండేస్కూలు అక్షరాలతో 'బల్లను ఎవరూ ముట్టకూడదు' అని రాసి చర్చి తలుపుకు వేలాడదీశాను. అక్షరాలు మరీ పెద్దవి కావడంతో 'రంగు ఆరలేదు' అన్న మాటకు చోటు మిగల్లేదు. ఆ సంగతి నాన్నకు చెప్పడానికీ మొహం చెల్లలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వాళ్లకు బల్ల అంటే కర్ర సామాను ఒక్కటే కాదు, ప్రభు భోజనం కూడా బల్లే. ఫలానా ఆయన్ని బల్లకు దూరం పెట్టారంటే, ఆయనేదో ఘోరమైన తప్పు చేశాడని అర్థం.

ఆదివారం పొద్దున చేతుల ఎరుపు వదిలించుకోవడానికి కిరసనాయిలుతో తోముకుని తోముకుని ఆలస్యంగా బయల్దేరాను. చర్చి ముందుకు వచ్చేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. సంఘమంతా వరండాలో మోకరించి ఉంది. లోపలికి ఒక్కరూ వెళ్లలేదు. ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నారు. ఎవరో చనిపోయారనుకున్నాను.

"అందరికీ బల్ల బంద్ చేసిన్రంటే నా మూలంగనే!" అని బియ్యం అత్తయ్య (ఆ పేరు ఆ రోజు తర్వాతే వచ్చింది) గుండెలు బాదుకుంటోంది. "గా అయిదు దినాలు పక్కింటామె బియ్యమడిగితే లేవన్న. మంచం కింద బస్తా ఉండంగ లేవన్న, అయ్యగారూ!"

పక్కనే హార్మోనియం బాబాయి లేచాడు. "విమానాలు వచ్చినప్పుడు మీకోసం ప్రార్థన చేశానని చెప్పాను కదండీ... లేదండీ. హార్మోనియం పెట్టె వెనక దాక్కున్నానండీ. అదీ కళ్లు మూసుకుని!"

అన్నిటికంటే అయ్యగారిని చూసి అదిరిపోయాను. మా పాస్టరుగారు, తెల్లని అంగీలో, మెట్టు మీద తల వంచుకుని నిలబడి ఉన్నారు. "సంఘ పెద్దలు నన్నే బల్లకు తగనివాడన్నారనుకుంటున్నాను. నిజమే. ఆ రోజుల్లో ఒక్క ఇంటికైనా వచ్చి మిమ్మల్ని పలకరించలేదు. భయపడ్డాను" అన్నారు. సంఘ పెద్ద అయిన మా నాన్న, అట్టముక్క అయ్యగారిదే అనుకుని, తన పాపాల కోసం వెతుక్కుంటున్నారు.

నా చేతిరాతను ఎవరూ గుర్తుపట్టలేదు. చప్పుడు చేయకుండా అట్ట తీసేస్తే చాలు. పైగా ఎంత గొప్ప పశ్చాత్తాపం! ఎన్ని ప్రసంగాలకూ కరగనివాళ్లు కరిగిపోతున్నారు. దీన్ని నేనెందుకు పాడుచేయాలి? కానీ నోట్లో అబద్ధం పెట్టుకుని ఆ నోటితోనే మొదటి రొట్టె ఎలా తినను? ఏడాదిగా ఎదురుచూసింది ఇవాళ పోతే పోనీ అనుకున్నాను.

"అయ్యగారూ..." అన్నాను. "రాసింది నేనండీ. రంగు... ఆరలేదండీ."

అయ్యగారు లోపలికి వెళ్లి, నమ్మలేనట్టు బల్ల మీద అరచెయ్యి ఆనించారు. పీకితే పచక్‌మని శబ్దం వచ్చింది. అయిదు వేళ్లూ అచ్చు పడ్డాయి.

"గంతేనా!" అని ముందుగా తేరుకున్నది బియ్యం అత్తయ్యే. "ఓ పిల్లా, నీ రంగు సల్లగుండ! నువ్వు జెర ముందొస్తే నా బస్తా నాకుండు గద!"

నవ్వింది మొదట ఎవరో తెలియదు. కళ్ల నీళ్లు తుడుచుకోకుండానే అందరూ నవ్వారు. నేను మాత్రం వాకిట్లోనే నిలబడ్డాను. "ఇంతమందిని ఏడిపించాను. నేను ఈ వారం బల్లకు రానండీ" అన్నాను.

"వాళ్లంతా ఒప్పుకున్నది తప్పనుకుంటున్నావా?" అన్నారు అయ్యగారు. "చెప్పకుండా తప్పించుకోగలిగి కూడా చెప్పినదానివి నువ్వొక్కదానివే. రా అమ్మా."

బల్ల మీద గుడ్డ వేస్తే అతుక్కుంటుందని, నాన్న రొట్టె పళ్లెం చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డారు. అత్తయ్య అప్పటికే పక్కింటికి మనిషిని పంపింది, బస్తాతో సహా. నేను చేతులు చాపాను. గోళ్ల సందుల్లో, గీతల్లో ఎర్ర రంగు అలాగే ఉంది. కిరసనాయిలు వాసన గుప్పుమంది. అయ్యగారి అరచెయ్యీ అదే రంగు.

ఇన్నేళ్లలో ఎన్నిసార్లు బల్లకు వెళ్లానో లెక్కలేదు. ఇప్పుడు సబ్బుతో కడుక్కుని, సువాసన నూనె రాసుకుని మరీ వెళ్తాను. తీరా చేతులు చాపే వేళకు ఆ మురికి చేతుల పిల్ల గుర్తొస్తుంది. దాన్ని తలచుకుంటే నవ్వు వస్తుంది. కొంచెం అసూయ కూడా వేస్తుంది.