మఫ్లరుకు అనుమతి

ఎనభయ్యో దశకం చివర్లో, ఒక నవంబరు నెలలో, నన్ను పులివెందుల నుంచి జమ్మలమడుగు డివిజనులోని ఒక గ్రామీణ పశువైద్యశాలకు బదిలీ చేశారు. నా హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. జనం మాటలో పశువుల డాక్టరు. నా కింద ఒక కాంపౌండరు, ఒక అటెండరు ఉండేవారు. నా పైన జమ్మలమడుగులో అసిస్టెంట్ డైరెక్టరు ఉండేవారు. పిల్లల చదువు కోసం కాపురం ప్రొద్దుటూరులో పెట్టాను. రోజూ ముప్పై కిలోమీటర్లకు పైగా మోటార్‌సైకిలు మీద వెళ్లి రావాలి.

కడప జిల్లాలో చలేమిటని నవ్వేవాళ్లు మార్గశిరంలో తెల్లవారుజామున పెన్న వంతెన మీద బండి నడిపి చూడాలి. అప్పుడు గాలికుంటు టీకాల కాలం. పశువులు మేతకు వెళ్లకముందే ఊళ్లో ఉండాలి కాబట్టి ఐదింటికల్లా బయల్దేరేవాణ్ణి. టీకా మందు ఐసులో ఉండాలి. ఆ ఐసు డబ్బాను గుంతల రోడ్డు మీద వెనక కడితే మూత ఊడిపోయేది. అందుకని పెట్రోలు ట్యాంకు మీద, నా పొట్టకు ఆనించి కట్టుకునేవాణ్ణి. ముందు నుంచి గాలి, పొట్టకు ఐసు. మందును చల్లగా ఉంచడానికి శాఖ పంపిన సర్క్యులర్లు ఫైలు నిండా ఉండేవి. దాన్ని మోసేవాడి సంగతి ఒక్క దాంట్లోనూ లేదు.

నాకు తోచిన ఏర్పాట్లు నేను చేసుకున్నాను. చొక్కాకు, బనీనుకు మధ్య పాత వార్తాపత్రికలు పరుచుకున్నాను. హ్యాండిలు పిడులకు రెగ్జిను తొడుగులు కుట్టించాను. ప్రొద్దుటూరులో పరుపులు కుట్టే మస్తాన్ సాయిబు చేత దూది కూరిన చేతుల్లేని చొక్కా ఒకటి చేయించుకున్నాను. ఆయన దాన్ని పరుపు కుట్టినట్టే గడులు గడులుగా కుట్టాడు. చూడటానికి వికారంగా ఉన్నా ఎదకు గాలి తగిలేది కాదు. నా భార్య మఫ్లరు అల్లింది. ఉన్ని రంగు తీరా చూస్తే ఒక పార్టీ జెండా రంగుకు దగ్గరైంది. మొదటి రోజే కాంపౌండరు ఖాదర్ బాషా దాన్ని చూసి, "సార్, ఇది మెడకేసుకుని ఎదురు పార్టీ ఊర్లోకి పోతే టీకాలు ఎనుములకు కాదు, మనకేస్తారు" అన్నాడు. ఏ పార్టీకీ చెందని ఉన్ని కోసం ప్రొద్దుటూరు అంగళ్లన్నీ తిరిగి, చివరికి బూడిద రంగుది తెచ్చాను. ఆమె విసుక్కుంటూ మళ్లీ అల్లింది.

ఆ ఊళ్ల పేర్లు ఇప్పటికీ రాయడం మంచిది కాదు. పై ఊరు, కింది ఊరు అంటాను. ఆస్పత్రి నుంచి ఒకే రోడ్డు. నాలుగు కిలోమీటర్లకు పై ఊరు, మరో నాలుగుకు కింది ఊరు. రెండూ రెండు వర్గాలు, రెండు పార్టీలు. డిసెంబరు మొదట్లో కింది ఊరి మనిషి ఒకణ్ణి ముఖాలకు గుడ్డలు కట్టుకుని బండ్ల మీద వచ్చినవాళ్లు చంపారు. మర్నాడే పై ఊరి మొదట్లో పోలీసు పికెట్ వెలిసింది. పికెట్ అంటే ఒక గుడారం, ఒక హెడ్ కానిస్టేబులు, నలుగురు కానిస్టేబుళ్లు, రోడ్డుకు అడ్డంగా ఒక వాసం. ద్విచక్ర వాహనం మీద ముఖం కప్పుకుని ఎవరూ పోకూడదని, కంబళ్లు, ఉబ్బెత్తు కోట్లు విప్పి చూపించాలని సబ్ ఇన్‌స్పెక్టరు నోటిమాటగా ఆర్డరు వేశాడు. నోటిమాట ఆర్డరుకు మినహాయింపు అడగడానికి కాగితం ఉండదు. అదే నా ఖర్మ.

హెడ్ కానిస్టేబులుకు నేనెవరో తెలుసు. వాళ్లింటి మేకలకు నట్టల మందు పోసినవాణ్ణి నేనే. అయినా రోజూ అదే తంతు. మఫ్లరు, మంకీ క్యాపు, దూది చొక్కా విప్పాలి. వార్తాపత్రికలు గరగరమంటే అవీ తీయాలి. ఐసు డబ్బా మూత తెరవాలి. "మీరని తెలుసు సార్. తెలిసినా తీయాల. ఆర్డరు" అనేవాడు. ఆయన మాత్రం చలిమంటకు రెండడుగుల దూరంలో, ముఖానికి మఫ్లరు చుట్టుకుని, మంకీ క్యాపు పెట్టుకుని కూర్చునే ఈ మాట అనేవాడు. నన్ను మంట దగ్గరికి రానిచ్చేవాడు కాదు. సోదా అయ్యేదాకా వాసం అవతలే నిలబడాలి.

ఒక ఉదయం ఆస్పత్రి చేరేసరికి కింది ఊరి నుంచి సైకిలు మీద వచ్చిన మనిషి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ ఊళ్లో రత్నమ్మ అనే ఆమె ఎనుము తెల్లవారుజాము నుంచి ఈనలేక అవస్థ పడుతోందని చెప్పాడు. రత్నమ్మ మిషన్ బడిలో ఆయాగా చేసి మానుకున్న మనిషి. భర్త లేడు. ఆ ఒక్క గేదె పాల మీదే ఇల్లు నడుస్తుంది. టీకా డబ్బాను ఖాదర్ బాషాకు అప్పగించి, కాన్పు సామాను సంచిలో వేసుకుని బయల్దేరాను.

పికెట్ దగ్గర ఆ రోజు కొత్త ముచ్చట మొదలైంది. ముందు రోజు సాయంత్రం ఎక్కడో ఎవరో బొంత కింద నాటుబాంబులు దాచుకుని దొరికారట. హెడ్ కానిస్టేబులు నా దూది చొక్కాను లాఠీతో పొడిచి చూశాడు.

"ఇది ఈడ పెట్టిపోండి సార్. ఎస్సైగారు తొమ్మిదికి వస్తాడు. ఆయన చూసినాక ఇస్తా."

"లోపల దూది ఉందయ్యా."

"దూదే సార్. నాకు తెలుసు. చూసేటోడు ఆయన గదా."

కుట్లు విప్పి చూసుకోమన్నాను. ప్రభుత్వ ఉద్యోగి వస్తువు పాడుచేయడానికి తనకు అధికారం లేదన్నాడు. ఉంచుకోవడానికి ఉందట! అక్కడ ఈనలేక జీవం చస్తోందన్నాను. "అందుకే మిమ్మల్ని ఆపల్యా సార్, చొక్కానే ఆపినా" అన్నాడు. మఫ్లరు, టోపీ, హ్యాండిలు తొడుగులు కూడా ఆయన దగ్గరే ఉండిపోయాయి. తొడుగుల్లో ఏమైనా దాచవచ్చునట. వాదిస్తే పొద్దు పోతుందని ఒంటి చొక్కాతో బండి ఎక్కాను. ఆ నాలుగు కిలోమీటర్లూ కాలువ కట్ట వెంట మంచులో నడిపాను. రెండో కిలోమీటరు దాటాక బ్రేకు పట్టుకున్నానో లేదో వేళ్లకు తెలియలేదు.

రత్నమ్మ కొట్టంలో గేదె పడుకుని ముక్కుతోంది. వేడినీళ్లు అడిగాను. పొయ్యి మీద ఇప్పుడే పెట్టానని చెప్పింది. అప్పటికే ఆలస్యమైందన్న కంగారులో నీళ్లు కాగేదాకా ఆగలేదు. చన్నీళ్లతోనే సబ్బు రుద్దుకుని చెయ్యి లోపలికి పెట్టాను. గేదె ఒళ్లంతా జలదరించింది.

"అదేందప్పా, పీనుగు చేతుల మాదిరి ఉండాయి నీ చేతులు" అంది రత్నమ్మ.

ఇక్కడ కొంచెం పని వివరం చెప్పాలి. కడుపులో చేతికి అందిన కాలు దూడ ముందు కాలా, వెనక కాలా అన్నది కళ్లతో తెలిసేది కాదు. గిట్ట మీది కీలు, దాని పై కీలు రెండూ ఒకే వైపు వంగితే అది ముందు కాలు. ఒకదానికొకటి ఎదురు వైపు వంగితే వెనక కాలు. ముందు కాలైతే తల కోసం వెతకాలి. వెనక కాళ్లతో వచ్చే దూడను మాత్రం ఒకసారి లాగడం మొదలుపెట్టాక ఆగకూడదు. బొడ్డుతాడు నొక్కుకుపోతే అది లోపలే ఊపిరి తీయబోయి చచ్చిపోతుంది. ఈ తేడా వేలి కొసలతో తెలియాలి. నా వేళ్లకు ఏమీ తెలియలేదు. కాలు అందింది, ముందు కాలనుకున్నాను. దాన్ని కొంత బయటికి లాగి తాడు వేసి, తల వెనక్కి తిరిగి ఉంటుందని వెతకడం మొదలుపెట్టాను. పది నిమిషాలు వెతికాను. దొరకలేదు. చివరికి ఆ కడుపులోని వేడికే నా వేళ్లకు ప్రాణం వచ్చింది. అప్పుడు తగిలింది, తల ఉండాల్సిన చోట తోక.

ఆ తర్వాత పని మూడు నాలుగు నిమిషాలదే. మడుచుకుపోయిన రెండో కాలు సరిచేసి, రత్నమ్మ, సైకిలు మనిషి తాడు పట్టుకుంటే దూడను లాగేశాం. పెయ్యదూడ. వెచ్చగానే ఉంది. తలకిందులుగా వేలాడదీశాను, ముక్కులో గడ్డిపరక పెట్టాను, ఎద రుద్దాను. ఊపిరి రాలేదు. గేదె మాత్రం అరగంటకు లేచి నిలబడి దూడ కోసం అటూ ఇటూ చూసింది. రత్నమ్మ దాని ముందు కుడితి పెట్టి, "ఇది బతికింది. అదే సాలు" అంది. దూడ లేకపోతే గేదె పాలు చేపదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. కాగిన నీళ్లు అప్పుడు పొయ్యి మీద నుంచి దించి, చేతులు కడుక్కోమని నా ముందు పెట్టింది.

తిరుగుదారిలో పికెట్ దగ్గర ఆగితే నా దూది చొక్కా హెడ్ కానిస్టేబులు ఒంటి మీద ఉంది. అడిగితే, "బాంబుందో ల్యాదో తొడుక్కుని చూస్తాండా సార్" అని నవ్వాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను ఎవరి మీదా అంత గొంతు పెంచలేదు. దూడ చచ్చిందని చెప్పాను. ఆయన నవ్వు ఆపి, చొక్కా విప్పి, మడత పెట్టి ఇచ్చాడు. మర్నాడు మళ్లీ విప్పించాడు.

అసిస్టెంట్ డైరెక్టరుగారి ద్వారా, సర్కిల్ ఇన్‌స్పెక్టరుకు అర్జీ పెట్టుకున్నాను. విధి నిర్వహణలో మఫ్లరు, దూది చొక్కా ధరించడానికి, బండికి హ్యాండిలు తొడుగులు ఉంచుకోవడానికి అనుమతి కోరుతూ రాశాను. మా జమ్మలమడుగు ఆఫీసు హెడ్ క్లర్కు దాన్ని రెండు సార్లు తిప్పి పంపాడు. మొదటిసారి, ఆ మఫ్లరు ప్రభుత్వం సరఫరా చేసిందా, సొంతమా అని అడిగాడు. సొంతమని రాశాను. సొంతమైతే ఆఫీసు ద్వారా ఎందుకు పంపుతున్నారని రెండోసారి అడిగాడు. పోలీసు వాళ్లు మూడోసారి మఫ్లరు రంగు, పొడవు తెలియజేయమన్నారు. కొలిచి రాశాను. అనుమతి పత్రం మే నెలలో వచ్చింది. ఆ వేళకు మా ఆస్పత్రి రేకుల కింద కుర్చీ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది.

అంతకు ముందే దారి దొరికింది. కాగితంలో కాదు. ఆ కాన్పయిన మూడో రోజు ఉదయం మావి పూర్తిగా పడిందో లేదో చూడటానికి రత్నమ్మ ఇంటికి మళ్లీ వెళ్లాను. ఆ రోజూ చేతులు మొద్దుబారే ఉన్నాయి. ఈసారి కాగిన నీళ్ల కోసం కూర్చుని, పికెట్ వాళ్లను, ఎస్సైని, శాఖను వరసగా తిట్టాను. ఆమె అంతా విని, "బండి కాలువ కాడ నిలిపి నడిచి రాప్పా. నడిస్తే చేతులు కాగుతాయి. మొగం కూడా అందరికీ కనపడతాది. బుర్రున వచ్చేటోణ్ణి చూస్తే ఈడ మాకే గుండె ఝల్లంటాది" అంది. డాక్టరు బండి ఉండగా నడిచి రావడమేమిటని నాకు ఒళ్లు మండింది. పైగా, ఆ సలహా నాకంటే ముందు ఆమెకు తట్టడం ఇంకా చిరాకు తెప్పించింది.

అయినా మర్నాడు అలాగే చేశాను. దూది చొక్కాను చొక్కా లోపలికి మార్చాను. దాంతో ఉబ్బు తగ్గింది. మఫ్లరు, టోపీ ఇంట్లో వదిలేసి చెవుల్లో దూది పెట్టుకున్నాను. పికెట్‌కు అర కిలోమీటరు ముందే బండి దిగి, దాన్ని నెట్టుకుంటూ నడిచాను. పికెట్ చేరేసరికి ఒళ్లు వెచ్చబడింది, వేళ్లు ఆడుతున్నాయి. హెడ్ కానిస్టేబులు బండి చెడిపోయిందా అని అడిగాడు. లేదన్నాను. ఏమనుకున్నాడో ఏమో, సోదా చేయకుండానే వాసం ఎత్తించి, "రాండి సార్, మంట కాడ రెండు నిమిషాలు నిలబడి పోదురు" అన్నాడు. ముఖం కప్పుకోకుండా నడిచి వచ్చే మనిషి కోసం ఆయన దగ్గర ఆర్డరు లేదు. కింది ఊరి మొదట్లో కూడా అంతే చేశాను. హత్య జరిగినప్పటి నుంచి అక్కడ కాపలా కూర్చునే ఊరివాళ్లు, అప్పటిదాకా బండి చప్పుడుకే లేచి నిలబడేవాళ్లు, ఆ తర్వాత కూర్చునే పలకరించేవారు.

జనవరిలో పై ఊళ్లో ఒక గేదెకు అదే తీరు కాన్పు వచ్చింది. వేడినీళ్లు కాగేదాకా ఆగాను. చెయ్యి పెట్టిన అర నిమిషంలో వెనక కాళ్లని తెలిసింది. దూడ బతికింది. నా నైపుణ్యం డిసెంబరుకూ జనవరికీ ఏమీ పెరగలేదు.

ఆ తర్వాత నా దగ్గర కొత్తగా చేరిన డాక్టర్లకు చలికాలంలో నేను చెప్పింది ఇంతే. ఒంటిని లోపల నుంచి కప్పుకోండి, ముఖం బయట పెట్టుకోండి, ఊరికి ముందే బండి దిగి నడవండి, వేళ్లకు స్పర్శ వచ్చేదాకా జీవాన్ని ముట్టకండి. పికెట్ వాళ్ల మీద నా కోపం న్యాయమైనదే, ఇప్పటికీ అదే అంటాను. అయితే నీళ్లు కాగేదాకా ఆగకపోవడం వాళ్ల ఆర్డరు కాదు. ఆ తొందర నాది.